పదకొండో చుట్టు

మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై జోడీలే. డాన్సుకు నిలబడ్డవాళ్ళు గోడ వైపు వరుసలో పదహారు జోడీలు, కిటికీల వైపు వరుసలో ఇరవై. ఎక్కడా పొరపాటు లేదు, ఒక జోడీ ఎక్కువైతే బాగుండునని రెండోసారి లెక్కపెట్టాను, అంతే. కిటికీల వరుసకు తలదగ్గర, సరిగ్గా వేదిక కింద, నా బూట్ల ముందే, నా తమ్ముడు ఆల్డెన్ నిలబడి ఉన్నాడు. జోడీగా మిసెస్ టిల్డన్. ఆవిడకు చెవులు సరిగ్గా వినబడవు, ఊళ్ళో ఎవరు ఎవరితో మాట మానేశారో తెలియదు, ఖాళీగా కనిపించిన చెయ్యి పట్టుకుంటుంది. వరుస చివర, తలుపు దగ్గర, ఆఖరి నుంచి రెండో జోడీలో లీటా ఉంది. ఆలస్యంగా వచ్చింది. మంచుబూట్లు విప్పి మెత్తటి చెప్పుల్లో కాళ్ళు పెడుతుండగానే రంపం మిల్లు ఐవర్ వెళ్ళి చెయ్యందించాడు. రెండేళ్ళ తర్వాత వచ్చిన మనిషిని బెంచీ మీద కూర్చోనివ్వడం ఈ హాల్లో మర్యాద కాదు. నేను చూసేటప్పటికే వాళ్ళు వరుసలో కలిసిపోయారు. ఒకటో జోడీలో ఆల్డెన్, పందొమ్మిదో జోడీలో లీటా. రెండూ బేసి స్థానాలు. ఒక్క క్షణం ప్రాణం కుదుటపడింది, ఎందుకంటే బేసి జోడీలన్నీ చుట్టుకొక మెట్టు చొప్పున కిందికి, అంటే తలుపు వైపుకే నడుస్తాయి, సరి జోడీలు పైకి నడుస్తాయి, ఒకే దిక్కుకు నడిచేవాళ్ళు ఎదురుపడరు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళుగా వేదిక మీంచి అడుగులు పలుకుతూ ఆటలు చెప్పిన బుర్ర తన పని తాను చేసుకుపోయింది. లీటా మొదటి చుట్టుకే వరుస చివరికి చేరుతుంది. రెండో చుట్టు ఖాళీగా నిలబడుతుంది. మూడో చుట్టులో ముఖం ఇటు తిప్పి పైకి రావడం మొదలుపెడుతుంది. ఆల్డెన్ కిందికి దిగుతుంటాడు. పదకొండో చుట్టులో, వరుస నడిమధ్యలో, ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుంటారు.

నేనింకా చేతిలో ఉన్న, ఆట అడుగులు రాసుకున్న అట్టముక్కనే చూస్తున్నాను. ఆట అప్పటికే రెండుసార్లు మెల్లగా నడిపించి నేర్పాను, కొత్తవాళ్ళు పన్నెండు మంది ఉన్నారు, ఇప్పుడు వేరే ఆట అంటే వాళ్ళకు దిక్కు తెలియదు. ఒక జోడీని ఆ వరుసలోంచి ఈ వరుసలోకి మార్చవచ్చు. మారిస్తే డెబ్భై జతల కళ్ళు ఎవరిని మార్చానో చూస్తాయి, ఎందుకు మార్చానో ఇట్టే తెలుస్తుంది. వెనక నుంచి ఫిడేలు వాయించే బెన్వా గొంతు వినిపించింది. "ఏమ్మా విన్నీ, నిద్ర పట్టిందా? నన్ను చేసుకోవాలా వద్దా అని మా ఆవిడ కూడా ఇంతసేపు ఆలోచించలేదే." పియానో దగ్గర అమ్మాయి నవ్వింది. నేనూ నవ్వాను కాబోలు. కమానుతో నాలుగు తాళం దెబ్బలు ఇచ్చాడు. ఇక ఆగేది లేదు.

ఎదురు జోడీ, చేతులు పట్టుకుని ఊగండి, తిరగండి. ఈ మాట అడుగు కంటే నాలుగు దెబ్బలు ముందు పడాలి. ముందు పడితేనే వినడానికి, అర్థం కావడానికి, కాలు కదలడానికి వాళ్ళకు వ్యవధి ఉంటుంది. అందుకే ఆట చెప్పేవాళ్ళు ఎప్పుడూ హాల్లో ఉన్న మిగతావాళ్ళ కంటే కాస్త ముందు కాలంలో బతుకుతారు. వాళ్ళింకా తిరుగుతుంటే నేను వలయంలో ఉంటాను, వాళ్ళు వలయంలోకి వస్తే నేను ఎవరి జోడీతో వాళ్ళను కలిపేసి ఉంటాను. నలుగురూ చేతులు కలిపి ఎడమకు ముప్పావు చుట్టు, సొంత జోడీతో తిరగండి. ఇదొక జబ్బు లాంటిది. అమ్మ పోయిన రోజు కూడా ఆస్పత్రి గదిలో ఆవిడ ఊపిరి ఇంకా ఆడుతుండగానే నేను శ్మశానం నుంచి తిరిగొచ్చాక కాఫీ ఎవరు కాస్తారా అని ఆలోచిస్తున్నాను. పొడుగు వరుసలు, ముందుకు, వెనక్కి. కుడివాళ్ళు ఎదటికి దాటండి. ఎడమ చేతులతో నలుగురూ చక్రం, చక్రం వదిలి కొత్త మనిషిని చూడండి. అరవై నాలుగు దెబ్బలు, అర నిమిషం పైన రెండు క్షణాలు. ఒక చుట్టు అయిపోయింది. ఆల్డెన్ ఒక మెట్టు దిగాడు.

మధ్యాహ్నం వాడి బండిలోనే వచ్చాను. స్పీకర్లు మోయడానికి మనిషి కావాలని నేనే పిలిచాను. నిజానికి స్పీకర్లు నేను మోయగలను. రెండేళ్ళుగా వాడు పక్క ఊళ్ళో మంచు తోసే లారీ నడుపుతూ, ఆదివారాలు దుప్పటి కప్పుకుని పడుకుంటూ ఉంటే చూడలేకపోయాను, వాడు జనంలో పడితే నా గుండెల మీద బరువు కొంచెం తగ్గుతుందని అనుకున్నాను, నా గుండెల మీద, వాడి గుండెల మీద కాదు. మేపుల్ రసం కాచి చక్కెర తీసే పాకల నుంచి పొగ వస్తోంది, రోడ్డంతా బురద. వాడి ఆటచెప్పులు సీటు వెనక ఉన్నాయి, రెండేళ్ళూ అక్కడే ఉన్నాయట. హాలు కనిపించే మలుపులో బండి ఆపాడు. "అక్కా, లీటా వస్తుందా?" "రాదు. రావడం మానేసింది కదా." "వస్తే?" "వస్తే ఏముంది, నువ్వు గోడ వైపు వరుసలో నిలబడు, ఆమె ఇటు నిలబడుతుంది." వాడు స్టీరింగు మీద గోరుతో గీస్తూ ఉన్నాడు. "నేను వెళ్ళి చెప్పను. ఆమె ఇంటికి వెళ్ళి తలుపు కొట్టను. అది నువ్వు చెయ్యాల్సిన పని, రెండేళ్ళు చూశాను. కానీ ఆమె నా చేతుల్లోకి వస్తే, కళ్ళలోకి చూసి తిరగాలంటే, ఇక నావల్ల కాదే అక్కా. అడిగితే చెప్పేస్తాను. అడక్కపోయినా చెప్పేస్తానేమో."  స్పీకర్లు దించాలి, పద, అన్నాను.

వాడు చెప్పేది ఏమిటో హాల్లో నాకూ వాడికీ తప్ప ఎవరికీ తెలియదు. గడ్డకట్టిన సరస్సు మీద మంచు విరిగి లీటా భర్త రస్సెల్ బండితో సహా మునిగిపోయిన పొద్దున, ఆల్డెన్ చేపల ఎరల కొట్టు తలుపుకు వేలాడే బోర్డు మీద మంచు మందం పద్నాలుగు అంగుళాలు అని రాసింది ఆల్డెన్ కాదు. నేను. రాశానని ఒప్పుకున్నవాడు ఆల్డెన్.

ఎదురు జోడీ, ఊగండి, తిరగండి. రెండో చుట్టు. లీటా అడుగున ఖాళీగా నిలబడింది. ఐవర్ తో చోటు మార్చుకుని ముఖం ఇటు తిప్పింది. పాతవాళ్ళు చివర నిలబడ్డప్పుడు మాట్లాడుకుంటారు, నవ్వుకుంటారు, జుట్టు సర్దుకుంటారు. ఆమె ఏమీ చెయ్యలేదు. వరుసను తల నుంచి చూసుకుంటూ వచ్చింది, ఒక్కొక్క జోడీనీ, నేను చూసినట్టే. ఆమె చూపు ఆల్డెన్ వీపు మీద ఆగినప్పుడు నా నోటి నుంచి రావలసిన మాట అర దెబ్బ ఆలస్యమైంది. ఎవరూ గమనించలేదు. బెన్వా మాత్రం గమనించి ఉంటాడు, వాయించేవాళ్ళకు అర దెబ్బ అంటే తలుపు చప్పుడు లాంటిది.

రస్సెల్ పోయింది జనవరిలో. ముందు రోజు సాయంత్రం ఆట, ఆట మధ్యలో కిటికీల మీద వాన చప్పుడు, జనవరిలో వానేమిటని అందరూ నవ్వుకున్నారు. ఆల్డెన్ కు జ్వరం, మా ఇంట్లోనే సోఫాలో పడుకున్నాడు. మామూలుగా వాడు రోజూ పొద్దున్నే మంచును తొలిచే గిరమీట తీసుకుని సరస్సు మీద బండ్లు నడిచే దారిలో మూడు చోట్ల బొక్కలు వేసి, కర్ర దించి కొలిచి, తక్కువ వచ్చిన అంకె బోర్డు మీద రాసేవాడు. బోర్డు చూడకుండా బండి దించేవాడు ఊళ్ళో లేడు. ఆ పొద్దున నేను చర్చికి బీన్స్ కుండ పట్టుకుని బయల్దేరుతుంటే సోఫాలోంచి తల ఎత్తాడు. "అక్కా, కొట్టు మీదుగానే వెళ్తావుగా, బోర్డు మీద నిన్నటి అంకె తుడిచెయ్. వాన పడింది. నేను లేచి వెళ్ళి కొలిచేదాకా ఖాళీగా ఉంచు." అంత స్పష్టంగా చెప్పాడు. తుడిచాను. చేతి తొడుగుతోనే తుడిచాను, సుద్ద మరక ఇప్పటికీ ఆ తొడుగు మీద ఉంది, నేను దాన్ని పారేయలేదు, తొడుక్కోనూ లేదు. రస్సెల్ బండి ఇంజన్ ఆపకుండా కొట్టు ముందు కూర్చుని ఉన్నాడు. అద్దం దించాడు. "ఏమ్మా విన్నీ, తుడిచేశావేంటి? ఎంతుంది?" "ఆల్డెన్ వచ్చి చూస్తాడు." "వాడెప్పుడొస్తాడు? ఈలోపు చేపలన్నీ ముసలివైపోతాయి. నిన్నెంత?" నిన్న పద్నాలుగు అన్నాను. అక్కడితో ఆగితే సరిపోయేది. అతను నా ముఖం వైపు చూస్తూ కూర్చున్నాడు, మాట కోసం. మనుషులు అలా నా ముఖం వైపు చూస్తూ, ఒక కాలు ఎత్తి, ఏం చెయ్యాలో తెలియక నిలబడి ఉంటే నాకు ఒళ్ళంతా చీమలు పాకినట్టుంటుంది. ఏదో ఒకటి చెప్పి కదిలించాలి. సుద్దముక్క తీసుకుని పద్నాలుగు అని రాశాను. "రాత్రి మళ్ళీ బిగిసి ఉంటుందిలే," అన్నాను. అతను రెండు వేళ్ళు టోపీకి తాకించి బండి దించాడు. నేను బీన్స్ చల్లారిపోతాయని వెళ్ళిపోయాను. వాగు కలిసే చోట నాలుగంగుళాలు కూడా లేదని తర్వాత అన్నారు.

ఎడమ చేతులతో చక్రం. కొత్త మనిషిని చూడండి. నాలుగు. ఇప్పుడు నేను ప్రతి మాటా చెప్పనక్కర్లేదు, చక్రం అంటే చాలు, వాళ్ళ కాళ్ళకు తెలుసు. ఐదు. తిరగండి, అంతే. మాటలు ఒక్కొక్కటే తీసేస్తూ పోవాలి, ఇంట్లో పసిబిడ్డ నిద్రపోయాక పక్కలోంచి లేచినట్టు. ఆటలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో నేను చివరిదాకా వాగుతూనే ఉండేదాన్ని. ఒకసారి ఆట అయ్యాక లీటా మెట్ల మీద నా పక్కన కూర్చుని చెమట తుడుచుకుంటూ అంది. "ఏమే, వాళ్ళకు వచ్చేశాక కూడా ఎందుకు చెప్తావు? నీ గొంతు వినకపోతే మేము చచ్చిపోతామనుకున్నావా?" అప్పటి నుంచి నేర్చుకున్నాను. నోరు మూసుకోవడం నాకు నేర్పింది లీటా. ఈ సంగతి రెండేళ్ళలో నాకు ఎన్నిసార్లు గుర్తొచ్చిందో చెప్పలేను, గుర్తొచ్చిన ప్రతిసారీ ఏదో వాసన వస్తుంది, తడి ఉన్ని వాసన, ఆ తొడుగుదే అనుకుంటాను.

ఆరు. నా గొంతు లేకుండా హాలు నడుస్తోంది. ఊగినప్పుడల్లా ఈ ఒక్క వరుసలోనే ఎనభై పాదాలు ఒక్కసారే నేలను కొడతాయి, నా పిక్కల దాకా వస్తుంది ఆ దెబ్బ. ఎండ ఏటవాలుగా కిటికీల్లోంచి వరుస మీద పడుతోంది, వెలుగు పట్టీ, చీకటి పట్టీ, ఆల్డెన్ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దిగుతున్నాడు. బాగా ఆడుతున్నాడు. మర్చిపోలేదు. ముఖంలో నవ్వు లేదు గానీ ఎదుటి మనిషిని చూస్తున్నాడు, సరిగ్గా చూస్తున్నాడు, ఆటకు ముందు అరగంట పాఠంలో కొత్తవాళ్ళకు నేను చెప్పింది చెప్పినట్టు. కాళ్ళు చూసుకుంటే తల తిరుగుతుంది, గోడలు చూస్తే తిరుగుతుంది, ఎదుటి మనిషి కళ్ళలోకి చూడండి, అదొక్కటే తిరగకుండా నిలబడి ఉంటుంది. బూడిదరంగు గడ్డం ఆసామి ఒకడు చెయ్యెత్తాడు. "మా ఆవిడ కళ్ళలోకే చూసి ఇరవై ఏళ్ళయిందమ్మా, ఊళ్ళోవాళ్ళందరి కళ్ళలోకీ ఎక్కడ చూడను?" "అందుకే నిన్ను తీసుకొచ్చాను," అంది వాళ్ళావిడ, "ముందు పరాయివాళ్ళ మీద సాధన చెయ్యి." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అప్పుడు నిజంగానే నవ్వాను, లీటా ఇంకా రాలేదు. చూడటం ఇష్టం లేకపోతే చెవి తమ్మెను చూడండి, ఎవరికీ తేడా తెలియదు, అని కూడా చెప్పాను. ఆల్డెన్ కు ఆ కిటుకు తెలుసు. వాడు వాడుకోడు.

నేను వాడుకున్నాను. రస్సెల్ ను పూడ్చిన మూడో రోజు బీన్స్ కుండతో లీటా ఇంటికి వెళ్ళాను, నా చేతికి బీన్స్ కుండ తప్ప ఇంకేమీ దొరకనట్టు. వంటింట్లో ఇద్దరమే. ఆమె కుండ తీసుకోలేదు, నేనే పొయ్యి మీద పెట్టాను. "ఆల్డెన్ ఎందుకలా చేశాడే? పాతికేళ్ళ నుంచి కొలుస్తున్నాడు, ఒక్క రోజు మానలేదు. ఆ రోజే ఎందుకు?" నేను ఆమె చెవి తమ్మెను చూశాను. చిన్న ముత్యం ఉంది. "జ్వరంతో ఉన్నాడు, అలసిపోయి ఉంటాడు," అన్నాను. అటవీశాఖ వాళ్ళు విచారణకు వచ్చి అడిగినప్పుడు నేను నోరు మెదపకపోవడం ఒక ఎత్తు. నేనే రాశాను అని వాడు నా కంటే ముందు అనేశాడు, నేను ఆ మాటను ఆపలేదు, అది భయం, భయాన్ని మనిషి ఎలాగోలా మింగవచ్చు. వంటింట్లో మాత్రం నన్నెవరూ భయపెట్టలేదు. ఆమె ఒక కారణం అడిగింది, నేనొక కారణం ఇచ్చాను, చేతులకు తువ్వాలు అందించినట్టు. ఆ తర్వాత ఆమె అడగడం మానేసింది. ఆటకు రావడం మానేసింది. ఊరు ఆల్డెన్ దగ్గర ఎరలు కొనడం మానేసింది. కొట్టు మూతపడ్డాక బోర్డును ఎవరు తీసుకుపోయారో తెలియదు. ఇవాళ ఎందుకు వచ్చింది? ఎవరైనా ఏదైనా చెప్పారా? వంటింట్లో నా చూపు ఎక్కడ నిలిచిందో ఆమెకు ఇన్నాళ్ళకు తట్టిందా?

ఏడు. లీటా ఎండపట్టీలోకి వచ్చింది. ఆమెకు ఎదురుగా ఆ గడ్డం ఆసామీ, వాళ్ళావిడా. వలయంలో ముప్పావు తిరగవలసినవాళ్ళు పూర్తిగా తిరిగేశారు. ఆయన ఇటు నిలబడాలి, అటు నిలబడ్డాడు, వాళ్ళావిడ జోడీ అనుకుని ఐవర్ ను పట్టుకుంది. నాలుగు చేతులు, ఒక్కటీ తన చోట లేదు. అలా ఒక నలుగురు చిక్కుపడితే పక్క నలుగురు ఆగుతారు, వాళ్ళ పక్కవాళ్ళు ఆగుతారు, మెట్లు తప్పుతాయి, ఎవరు ఎవరికి ఎదురుపడతారో తారుమారైపోతుంది. నేను మైకు దగ్గరకు లాక్కుని ఆయన ఎటు వెళ్ళాలో ఒక్క మాట చెప్పాలి. చెప్పలేదు. విడిపోండి, అనుకున్నాను. తెగిపోండి. ముప్ఫై ఏళ్ళలో ఒక్క వరుస కూడా చెడిపోవాలని నేను కోరుకోలేదు, ఇప్పుడు పళ్ళు బిగబట్టి కోరుకుంటున్నాను, ఆ కోరిక ఎంత తియ్యగా ఉందో నాకే జుగుప్స కలిగింది. లీటా అరచెయ్యి ఎత్తింది. నెట్టలేదు, లాగలేదు, ఆయన ఎక్కడికి రావాలో ఆ గాలిని చూపించింది, అంతే. ఆయన ఆ చేతి వెంట నడిచి తన చోటికి వచ్చాడు. వాళ్ళావిడ ఐవర్ ను వదిలేసి, "ఓహో, నువ్వు కాదా," అంది, ఇక్కడిదాకా వినిపించింది. వరుసలు ముందుకు, వెనక్కి. ఒక్క దెబ్బ పోలేదు. లీటా ఆ అరచెయ్యి దించుతూ వేదిక వైపు చూసింది. చెప్పాల్సింది నువ్వు కదా, ఎందుకు చెప్పలేదు, అన్నట్టు చూసిందా, ఊరికే చూసిందా. ఇంత దూరం నుంచి కళ్ళు కనిపించవు.

ఎనిమిది. ఇద్దరి మధ్యా ఇప్పుడు ఆరే జోడీలు. నేను తప్పు చెప్పవచ్చు. చక్రం అనాల్సిన చోట వలయం అంటే చాలు, పాతవాళ్ళు నన్ను నమ్ముతారు, కాళ్ళకు తెలిసినదాన్ని కాదని నా మాట వింటారు. అదే భయంకరమైన సంగతి, వినేస్తారు. ఒక మనిషి చేతిలో సుద్దముక్క ఉంటే, ఒక మనిషి చేతిలో మైకు ఉంటే, మిగతావాళ్ళు కాలు ముందుకు వేస్తారు. నోరు తెరిచాను. ఎడమ కిటికీలోంచి సరస్సు కనిపిస్తోంది, బూడిదరంగు, అంచుల దగ్గర నల్లగా నీళ్ళు, మంచు మీద కూర్చుని చేపలు పట్టే గుడిసెలన్నీ ఒడ్డుకు లాగేశారు, ఒక్కటి మాత్రం దూరంగా పక్కకు ఒరిగి ఉంది, దాని యజమాని ఎవరో వెళ్ళడానికి జంకుతున్నాడు. నోరు మూశాను. తప్పు చెప్పడానికి కూడా నాలుగు దెబ్బల ముందు ధైర్యం కావాలి.

ఆపేస్తే? మామూలుగా పదిహేను చుట్లు నడుపుతాను. పదికి ఆపితే కొత్తవాళ్ళు అలసిపోయారనుకుంటారు. ఎవరూ తప్పుపట్టరు. నీళ్ళు తాగుతారు. ఆ సందులో ఆల్డెన్ ను బయటికి తీసుకెళ్ళి, ఇంటికి పో, నేను చెప్తాను, ఈ వారంలోనే చెప్తాను, అంటాను. ఈ వారంలో అన్నది ఇప్పటికి ఎన్ని వారాలైందో వాడు అడగడు. వాడెప్పుడూ అడగలేదు, చిన్నప్పుడు అమ్మ గాజుగిన్నె పగలగొట్టింది నేనైతే చెంపదెబ్బ తిన్నది వాడు, ఆ సాయంత్రం నా పక్కలోకి వచ్చి, నొప్పి లేదులే అక్కా, అన్నాడు. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళప్పుడే నాకు తెలిసిపోయింది, ఈ ప్రపంచంలో నా వంతు దెబ్బ తినడానికి ఒకడు ఉన్నాడని. తొమ్మిదో చుట్టు. ఆపాలంటే ఇప్పుడే బెన్వాకు సైగ చెయ్యాలి, రాగం అర్ధంతరంగా తెగకూడదు. చెయ్యి వీపు వెనక్కి పెట్టి ఒక వేలు చూపించాను. ఇంకొక్కటి.

"ఏంటి, ఒక్కటేనా? ఇప్పుడేగా వేడెక్కింది," అన్నాడు బెన్వా కమాను ఆపకుండానే. వేలు అలాగే ఉంచాను. "సరేలే, రాణీగారి ఇష్టం." పియానో అమ్మాయికి గడ్డంతో సైగ చేశాడు.

పది. చివరిసారి, అని మైకులో అన్నాను, గొంతు బాగానే వచ్చింది. హాలు మొత్తం ఇంకాస్త గట్టిగా కాలు కొట్టింది, చివరిసారి అంటే వాళ్ళకు అలా ఉంటుంది, ఉన్నదంతా ఖర్చుపెట్టేస్తారు. ఇద్దరి మధ్యా ఉన్న రెండు జోడీల్లో ఒకటి ఆల్డెన్ చేతుల్లో, ఒకటి లీటా చేతుల్లో. వాడు వాళ్ళతో తిరుగుతున్నాడు, ఆమె వీళ్ళతో తిరుగుతోంది, వీపులు ఒకదానికొకటి తగిలేంత దగ్గర. నేను ఊపిరి తీసుకున్నాను. అయిపోయింది. గట్టెక్కాను. పొడుగు వరుసలు. దాటండి. చక్రం. అప్పుడు తెలిసింది నేనేం చేశానో. చుట్లు లెక్కపెట్టాను, చుట్టు ఎక్కడ వదిలిపెడుతుందో లెక్కపెట్టలేదు. మొదటి ఏడాది శిష్యులు చేసే తప్పు. చక్రం వదిలిన ప్రతి మనిషీ తిరిగి కొత్త మనిషి ముఖం ముందు నిలబడతాడు, ఆటను అలాగే కట్టారు, నేనే నేర్పాను, చక్రం వదిలి కొత్త మనిషిని చూడండి అని ఇందాకటి నుంచి మైకులో చెప్తూనే ఉన్నాను. ఆల్డెన్ చక్రం వదిలి తిరిగాడు. లీటా చక్రం వదిలి తిరిగింది. రాగం ఆఖరి దెబ్బ పడింది.

చప్పట్లు. జనం జోడీలకు దండాలు పెట్టుకుంటున్నారు, మిసెస్ టిల్డన్ ఆల్డెన్ భుజం తట్టి మంచినీళ్ళ బల్ల వైపు నడిచింది. వాళ్ళిద్దరూ ఎదురెదురుగా ఉండిపోయారు. ఆల్డెన్ చేతులు నడుము దాకా లేచి ఉన్నాయి, పట్టుకోవడానికి లేచినవి, దించడం మరిచిపోయాడు. ఆట సాగి ఉంటే పదహారు దెబ్బలు, ఫిడేలు హోరు, ఎనభై పాదాల చప్పుడు. వాడేదైనా అన్నా ఆమెకు సగం వినిపించేది కాదు. తర్వాత వలయం వచ్చి వాళ్ళను నలుగురిలో కలిపేసేది, చక్రం వచ్చి విడదీసేది, ముప్ఫై రెండు క్షణాల్లో ఆమెను పైకి, వాడిని కిందికి తీసుకుపోయేది. ఆ తీసుకుపోయేదాన్నే నేను ఆపేశాను. ఇప్పుడు వాళ్ళను ఒకరి ముందు నుంచి ఒకరిని కదిలించడానికి హాల్లో ఏమీ లేదు. చప్పట్లు కూడా తగ్గిపోయాయి. ఏదో ఒకటి చెప్పాలి. తర్వాతి ఆటకు జోడీలు చూసుకోండి, అన్నాను మైకులో, ఇంకా చప్పట్లు పూర్తిగా ఆగకుండానే. అందరూ కదిలారు. ఇద్దరు కదలలేదు.

లీటా మాట్లాడింది. చిన్న మాట, రెండు మాటలు. ఆల్డెన్ తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్ళీ ఏదో అంది. వాడు చేతులు దించి, ఆమె కళ్ళలోంచి చూపు తీసి, మెల్లగా తల ఎత్తి నన్ను చూశాడు. వాడి ముఖంలో కోపం లేదు. అది ఉంటే బాగుండేది. చెప్పేశాడా, చెప్పలేదా. లీటా కూడా వాడి చూపు వెంట తిరిగింది, ఇందాక ఆసామికి అరచెయ్యి చూపించిందే, అంత నిదానంగా. తర్వాత నడవడం మొదలుపెట్టింది. జోడీలు వెతుక్కునే జనంలోంచి నడుస్తోంది, ఎవరో ఆమెకు చెయ్యి అందించారు, ఆమె ఆ చేతిని ఒకసారి నొక్కి వదిలేసింది. ఈ హాల్లో అందించిన చేతిని ఎవరూ కాదనరు. అందించినవాడు అలాగే నిలబడి చూస్తున్నాడు. ఆల్డెన్ రెండడుగుల వెనక వస్తున్నాడు. వేదికకు మూడు మెట్లు. వెనక బెన్వా కమానుకు గుగ్గిలం రుద్దుతూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. నేను ముందుకు వెళ్ళాలని చూశాను, నాలుగు దెబ్బల ముందుకు, ఆమె ఏమంటుందో, నేనేమంటానో, ఎవరు తలుపు తీసుకుని బయటికి నడుస్తారో. అక్కడ ఏమీ లేదు. నా బుర్ర మొదటిసారి మిగతావాళ్ళతో పాటే, అదే క్షణంలో ఆగిపోయి ఉంది.

ఆమె రెండో మెట్టు మీద ఆగింది. ఆటవల్ల చెంపలు ఎర్రబడ్డాయి, ఊపిరి ఇంకా కుదుటపడలేదు. చెవులకు ఇవాళ ముత్యాలు లేవు. కళ్ళలోకి చూశాను.

"వాణ్ణి అడిగాను," అంది. "చెప్పనంటున్నాడు. నువ్వే చెప్తావట."

వెనక కూనిరాగం ఆగింది. నీళ్ళ బల్ల దగ్గర నవ్వులు ఒకరి తర్వాత ఒకరివి ఆగిపోతున్నాయి, ముఖాలు ఇటు తిరుగుతున్నాయి. బెన్వా కుర్చీలోంచి వంగి మైకు తీసుకోవడానికి చెయ్యి చాపాడు. "ఇటివ్వమ్మా," అన్నాడు చాలా మెల్లగా, "ఆన్ లోనే ఉంది."

నేను ఇవ్వలేదు.